ఊరి గ్రంథాలయంలో చేతికీ పని ఉండాలి

మన ఊళ్లలో శాఖా గ్రంథాలయం అంటే చాలామందికి తెలిసిన రూపం ఒకటే. దినపత్రికలు పరిచిన పొడవాటి బల్ల, దాని చుట్టూ పెద్దవాళ్లు, ఒక పక్కన పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతీయువకులు, గోడవారగా అద్దాల బీరువాల్లో పుస్తకాలు. ఇది తక్కువ సేవేమీ కాదు. కానీ ఆ గది మీద ఊళ్లో ప్రతి ఇంటికీ హక్కుంది. ఇంటిపన్ను కట్టేవాళ్లంతా ఆ పన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. పత్రికలు చదవనివాళ్లు, పరీక్షలు రాయనివాళ్లు, మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండే ఆడవాళ్లు, బడి వదలగానే ఎక్కడికి పోవాలో తెలియని పిల్లలు, చేతివృత్తులవాళ్లు ఆ సెస్సుకు బదులుగా ఏం పొందుతున్నారన్నది అడగవలసిన ప్రశ్న. గ్రంథాలయంలో చదవడానికి చోటున్నట్టే, చదివినదాన్ని చేసి చూసుకోవడానికీ చోటుండాలి. అల్లికలు, బొమ్మలు, అద్దకాలు వంటి చేతిపనులనూ, కంప్యూటరు తెర మీద ఉచితంగా దొరికే లక్షల పుస్తకాలూ చిత్రాలనూ ఒకే గదిలో కలిపితే ఆ గ్రంథాలయం నిజంగా ఊరందరిదీ అవుతుంది. అందుకు కావలసిన చరిత్ర, చట్టం, చాలాచోట్ల భవనం కూడా మనకు ఇప్పటికే ఉన్నాయి.

ఉద్యమం నేర్పిన పాఠం

గ్రంథాలయమంటే పుస్తకాలు భద్రపరిచే గది అనే భావన తెలుగునాట గ్రంథాలయోద్యమం నడిపినవాళ్లకు లేదు. 1901లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పినప్పుడు, నిజాం పాలనలో తెలుగువాళ్లు కూడి మాట్లాడుకునే వేదికగా దాన్ని తలపోశారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరగడానికి ముందుండి శ్రమించిన అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేయించారు. ఉద్యమ నాయకుల్లో మరొకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ విడదీసి చూడలేదు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. చీరాల పక్కన నేతపనివారి ప్రాంతమైన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. వీటన్నిటిలో కనిపించే సూత్రం ఒకటి ఉంది. జనం ఎక్కడుంటే గ్రంథాలయం అక్కడికి వెళ్లింది, వాళ్లకు ఆనాడు ఏది అవసరమైతే దాన్ని చేపట్టింది. ఆనాటి అవసరం అక్షరం, జాతీయోద్యమ వార్త. ఈనాటి అవసరాల్లో తెర మీది సమాచారాన్ని వాడుకునే నేర్పు ఒకటి, చేతులతో ఏదైనా తయారుచేసే ఆనందం మరొకటి.

చట్టం కూడా ఈ విశాల దృష్టిలోంచే పుట్టింది. 1948లో మద్రాసు రాష్ట్రం ప్రజా గ్రంథాలయాల చట్టం తెచ్చింది, దాని వెనుక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఉంది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టం తాను చేసుకుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కలిశాక 1960లో ఉమ్మడి చట్టం వచ్చింది. ఇప్పటి జిల్లా గ్రంథాలయ సంస్థలు, సెస్సు ఏర్పాటు ఆ చట్టం కిందే నడుస్తున్నాయి. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో చివరిది గ్రంథాలయాన్ని ఎదిగే జీవిగా గుర్తిస్తుంది. ఎదుగుదలంటే బీరువాలు పెరగడం ఒక్కటే కాదని, సేవల రూపం కూడా కాలంతో మారాలని గ్రంథాలయ వృత్తిలో ఉన్నవాళ్లు ఆ సూత్రాన్ని అర్థం చేసుకున్నారు. 1949లో మొదటిసారి వెలువడి, 1994లోనూ 2022లోనూ కొత్తగా రాసుకున్న యునెస్కో ప్రజా గ్రంథాలయ ప్రకటన పిల్లల ఊహాశక్తినీ, మనుషుల సృజననూ పెంచడాన్ని గ్రంథాలయ ధర్మాల్లో చేర్చింది. కాబట్టి చేతిపని బల్ల వేయమని అడగడం గ్రంథాలయాన్ని దాని పనికి దూరం చేయడమేమీ కాదు.

పుస్తకం చెప్పగలిగినంత, చెయ్యి నేర్చుకోగలిగినంత

దశాంశ వర్గీకరణ ప్రకారం పుస్తకాలు సర్దిన ఏ గ్రంథాలయంలోనైనా 745 అంకె కింద హస్తకళలు, 746 కింద నేత, అల్లిక, ఎంబ్రాయిడరీ, 738 కింద మట్టిపాత్రల కళ ఉంటాయి. చేతిపని జ్ఞానానికి గ్రంథాలయం ఏనాడో చోటిచ్చింది. అయితే ఈ పుస్తకాలకు ఒక ఇబ్బంది ఉంది. నవలను ఇంటికి తీసుకెళ్లి ఒంటరిగా చదువుకోవచ్చు. లేసు అల్లిక పుస్తకాన్ని అలా చదివి లాభం లేదు. దారాన్ని చూపుడు వేలి మీద ఎంత బిగువుగా పట్టుకోవాలి, సూది కొక్కెం ఎటు తిప్పి ముడిలోంచి లాగాలి అన్నది బొమ్మ చూసినా వెంటనే పట్టుబడదు. పక్కన కూర్చున్న మనిషి ఒకసారి చేసి చూపిస్తే, మన చేతిని పట్టుకుని సరిచేస్తే క్షణంలో తెలుస్తుంది. చేతివిద్యలన్నీ ఇలాగే ఒక చేతి నుంచి మరో చేతికి అందుతూ వచ్చాయి. అందుకే 745, 746 అంకెల పుస్తకాలు బీరువాలో ఉంటే చాలదు. ఆ పుస్తకం తెరిచిపెట్టుకుని నలుగురు కూర్చునే బల్ల, నేర్పే మనిషి, సూది, దారం, కత్తెర కూడా ఉన్నప్పుడే ఆ పుస్తకం కొన్న డబ్బుకు ఫలం దక్కుతుంది.

ప్రపంచంలో చాలా గ్రంథాలయాలు ఈ సంగతి గుర్తించాయి. అమెరికాలోని బర్క్‌లీ ప్రజా గ్రంథాలయం 1979 నుంచి పుస్తకాల్లాగే పనిముట్లను కూడా ఇంటికి అరువిస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫాయెట్‌విల్ అనే చిన్న ఊరి గ్రంథాలయం 2011లో మేకర్‌స్పేస్ పేరుతో పనిగదికి తలుపులు తెరిచింది. అమెరికా ప్రజా గ్రంథాలయాల్లో అలాంటి ఏర్పాటుకు అది తొలి ఉదాహరణగా చెబుతారు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2018 డిసెంబరులో ఊడి గ్రంథాలయం మొదలైంది. మూడంతస్తుల ఆ భవనంలో పుస్తకాలు పై అంతస్తులో ఉంటాయి. మధ్య అంతస్తంతా కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, సంగీతం రికార్డు చేసుకునే గదులు. చిరిగిన కోటు తెచ్చుకుని అక్కడే కుట్టుకుని వెళ్లవచ్చు. ఫిన్లాండ్ ప్రపంచంలో ఎక్కువగా పుస్తకాలు చదివే దేశాల్లో ఒకటి. పుస్తకం మీద ప్రేమ తగ్గి కుట్టుమిషను తెచ్చుకున్న దేశం కాదది. చదవడమూ చేయడమూ ఒకే కుతూహలానికి రెండు ముఖాలని వాళ్లు నమ్మారు.

త్రీడీ ప్రింటర్లు మన శాఖా గ్రంథాలయాలకు ఇప్పట్లో అందకపోవచ్చు. వాటి కోసం ఆగనక్కర్లేదు. వేసవి సెలవుల్లో మన జిల్లా గ్రంథాలయ సంస్థలు పిల్లలకు శిబిరాలు నడుపుతున్నాయి. వాటిలో కథలు చెప్పడం, చదివించడంతోపాటు కాగితపు బొమ్మలు, చిత్రలేఖనం కూడా నేర్పుతున్నారు. అంటే ఈ పని చేయగలమని మన గ్రంథాలయాలు ఇప్పటికే నిరూపించాయి. ఆ శిబిరం ఎండలతోపాటు ముగిసిపోవడమే లోపం. వారంలో ఒక రోజు, ఏడాది పొడవునా అదే పని సాగితే, పిల్లలతోపాటు పెద్దలనూ రానిస్తే, అదే మన ఊరికి తగిన మేకర్‌స్పేస్. దానికి కావలసిన సామగ్రి ఒక చెక్క బీరువాలో పడుతుంది. కత్తెరలు, రంగు కాగితాలు, జిగురు, రకరకాల సూదులు, నూలు ఉండలు, బంకమట్టి, కుంచెలు, రంగులు, వీలైతే ఒక కుట్టుమిషను చాలు. వినాయక చవితి ముందు వారం మట్టి ప్రతిమలు, సంక్రాంతికి గాలిపటాలు, దసరాకు బొమ్మల కొలువు బొమ్మలు – పండగల వరుసే పాఠాల పట్టిక అవుతుంది.

ఊరి కళ, ఊరి గ్రంథాలయం

ఈ విషయంలో తెలుగు ప్రాంతానికున్న సంపద అసాధారణం. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కతో మెరుగు పెడతారు. చేర్యాలలో నకాషీ కళాకారులు పటాలు చిత్రించడమే కాక, రంపపు పొట్టునూ చింతగింజల పిండినీ కలిపి ముఖాలు, బొమ్మలు చేస్తారు. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద వెదురు కలంతో గీస్తే, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు, పోచంపల్లిలో చిటికి నేత, పెంబర్తిలో ఇత్తడి పని, కరీంనగర్‌లో వెండి తీగ పని సాగుతున్నాయి. వీటిలో చాలావాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ కళాకారుల పక్క ఊరి పిల్లలకు సైతం వాటిని దగ్గరగా చూసే అవకాశం తక్కువ. ఎగ్జిబిషన్లలో కొనే వస్తువుగా తెలుసు తప్ప, అది ఎలా తయారవుతుందో తెలియదు. నెలకొకసారి ఒక కళాకారుడికి తగిన పారితోషికం ఇచ్చి ఊరి గ్రంథాలయానికి పిలిస్తే, ఆయన పక్కన కూర్చుని పిల్లలు చింతగింజల ముద్ద పిసికితే, ఆ కళకు విలువ కట్టగలిగే కొత్త తరం తయారవుతుంది. తాను ఒక్కసారైనా చేసి చూసినవాడికే దాని వెనుక శ్రమ తెలుస్తుంది, ఆ ధర ఎందుకో అర్థమవుతుంది.

నరసాపురం లేసు కథ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక గోదావరి డెల్టాలో వేలాది మంది ఆడవాళ్ల చేతిపనిగా స్థిరపడింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పరిశోధనలో ఈ పనికత్తెల స్థితిని వివరించారు. ఇంట్లో కూర్చుని అల్లుతారు కాబట్టి వాళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. తమ లేసు చివరికి ఏ దేశంలో ఎంతకు అమ్ముడవుతుందో చాలామందికి తెలియదు. నమూనా ఇచ్చేది దళారి, ధర చెప్పేదీ అతనే. ఇలాంటి చోట గ్రంథాలయంలో ఒక మధ్యాహ్నపు అల్లిక బృందం కూర్చుంటే జరిగే మేలు ఆనందంతోనే ఆగదు. కొత్త నమూనాలు వాళ్లే వెతుక్కోవచ్చు, ఇతరులు తమ అల్లికలను ఆన్‌లైన్‌లో ఏ ధరకు పెడుతున్నారో చూడవచ్చు, పక్కవాళ్లకు ఎంత కూలి వస్తోందో తెలుసుకోవచ్చు. ఒంటరిగా ఇంట్లో చేసే పనికి పదిమంది తోడైతే ఆ పని చేసే మనిషికి ధైర్యం వస్తుంది. అయితే ప్రతి చేతిపనీ సంపాదన కోసమే నేర్చుకోవాలనడం కూడా సరికాదు. తన చేత్తో తాను చేసిన వస్తువును చూసుకునే తృప్తి దానికదే ఒక విలువ. పాట నేర్చుకున్నవాళ్లందరూ కచేరీలు చేయాలని మనం కోరం కదా.

తెర మీది గ్రంథాలయం

ఇక డిజిటల్ వనరుల సంగతి. తెలుగు పాఠకుడికి ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే సంపద ఎంత ఉందో ఇప్పటికీ చాలామందికి తెలియదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ప్రపంచంలోని పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఇవ్వాలన్న బృహత్ పథకానికి పూనుకున్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తోడ్పాటుతో నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేల తెలుగు పుస్తకాలు, పాత పత్రికలు తెరకెక్కాయి. ఆ వెబ్‌సైటు తర్వాత మూతపడినా, ఆ పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018లో జాతికి అంకితం చేశారు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలను స్వచ్ఛంద సేవకులు అక్షరాల్లోకి మార్చి, వెతకడానికి వీలుగా పెడుతున్నారు. ఆంధ్రభారతిలో అనేక తెలుగు నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో పిల్లల బొమ్మల కథలు తెలుగులో కూడా ఉన్నాయి. వాటిని అచ్చు తీసుకోవచ్చు, అనువదించవచ్చు, కొత్త కథ అల్లవచ్చు. చూపు లేనివారి కోసం 2016లో వచ్చిన సుగమ్య పుస్తకాలయ వినడానికి, బ్రెయిలీలో చదవడానికి వీలైన రూపాల్లో పుస్తకాలు ఇస్తోంది. అలాంటి పాఠకుల హక్కు కోసం కుదిరిన మారకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది.

ఇవన్నీ ఉన్నప్పుడు గ్రంథాలయం అవసరమేమిటన్న సందేహం రావడం సహజం. వెతికి చూసినవాళ్లకు జవాబు త్వరగానే తెలుస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు రోమన్ లిపిలో, అదీ తప్పులతో నమోదయ్యాయి. పుస్తకం ఉందని తెలిసినా దాని పేరు కొట్టి వెతికితే దొరకని పరిస్థితి. వికీపీడియా స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి శ్రమించి వాటికి తెలుగు జాబితాలు తయారుచేయవలసి వచ్చింది. కాపీహక్కు సంగతి మరొకటి. మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ రచన మీద హక్కు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 దాకా హక్కుదారులుంటారు. ఏది న్యాయంగా దించుకోవచ్చు, ఏది దొంగ కాపీ, ఏ వెబ్‌సైటును నమ్మవచ్చు, ఏది ఫోన్లోకి వైరస్ తెస్తుంది అన్నది చెప్పేవాళ్లు కావాలి. సమాచారం కొరతగా ఉన్న రోజుల్లో గ్రంథపాలకుడు దాన్ని తెచ్చిపెట్టేవాడు. అది పొంగిపొర్లుతున్న రోజుల్లో వడపోయడం నేర్పుతాడు. రెండోది మొదటిదానికన్నా కష్టమైన పని.

రెండూ కలిసే చోటు

చేతిపనినీ తెరనూ రెండు వేరువేరు సౌకర్యాలుగా చూస్తే ఈ వాదంలో సగం బలమే కనిపిస్తుంది. అవి కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి బందరు అద్దకాల కథ చాలు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు బందరులో, అంటే మచిలీపట్నంలో, వర్తక స్థావరం పెట్టుకున్నారు. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు ఓడలకు ఓడలు ఐరోపాకు వెళ్లాయి. జీవవృక్షం చిత్రించిన పెద్ద పెద్ద పలంపూర్ దుప్పట్లు అక్కడి ధనికుల పడకల మీద పరుచుకున్నాయి. వాటిలో ఎన్నో నేడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న, హక్కులు తీరిపోయిన కళాఖండాల లక్షల చిత్రాలను ఎవరైనా ఏ అవసరానికైనా వాడుకోవచ్చని ప్రకటించింది. రైక్స్ మ్యూజియం అంతకుముందు నుంచే ఇస్తోంది. అంటే పెడనలో అచ్చులు చెక్కే కళాకారుడి కూతురు తన పూర్వీకుల తరంలో ఈ తీరం మీద తయారైన బట్టను, ఒక్కొక్క ఆకు అంచు కనిపించేంత దగ్గరగా, తన ఊరి గ్రంథాలయపు కంప్యూటరులో చూడవచ్చు. అచ్చు తీసుకుని పక్క బల్ల మీద దాని గీతలు సాధన చేయవచ్చు. సముద్రం దాటి వెళ్లిన నమూనా ఆ చేతికి తిరిగి రావడానికి ఖర్చయ్యేది కాస్త కరెంటు, ఒక కాగితం. కావలసింది ఆ చిత్రం ఉందని చెప్పే మనిషి, ఆ కంప్యూటరు, ఆ బల్ల.

ఎదురు దిశలో జరగవలసిన పని కూడా అంతే ముఖ్యం. మన చేతివిద్యల వివరాలు తెర మీద చాలా తక్కువ. చెట్టు బెరడు నుంచి రంగు తీసే పద్ధతి, తరిణి పట్టేటప్పుడు వాడే మాటలు, మగ్గం భాగాల పేర్లు, పని చేస్తూ పాడుకునే పాటలు పెద్దవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. ఊరి గ్రంథాలయంలో ఒక మంచి ఫోను, నిశ్శబ్దమైన గది, శ్రద్ధగల ఇద్దరు విద్యార్థులు ఉంటే, ఆ జ్ఞానాన్ని తెలుగులో రికార్డు చేసి వికీపీడియా, వికీమీడియా కామన్స్ వంటి చోట్ల శాశ్వతంగా నిలపవచ్చు. ఇక్కడ జాగ్రత్త అవసరం. కళాకారుల అనుమతి లేకుండా ఏదీ బయట పెట్టకూడదు. కొన్ని మెళకువలు వాళ్ల జీవనాధారం. వాటిని దాచుకునే హక్కు వాళ్లకుంది. ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో వాళ్లే తేల్చాలి, పేరు వాళ్లకే దక్కాలి. ఈ మర్యాద పాటించడానికి లాభం కోసం నడిచే యాప్ కంటే ఊరికి జవాబు చెప్పుకోవలసిన ప్రజా గ్రంథాలయమే తగిన చోటు.

అభ్యంతరాలు, సమాధానాలు

అందరి చేతుల్లో ఫోన్లు ఉండగా గ్రంథాలయంలో కంప్యూటరు ఎందుకన్నది తరచుగా వినిపించే మాట. 2019–20లో తెలుగు రాష్ట్రాల్లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూస్తే అందరి చేతుల్లో అన్న మాట ఎంత పాక్షికమో తెలుస్తుంది. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం, పురుషులు వరుసగా 48.8 శాతం, 57.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఎవరి జేబులో ఉంటుందన్నది ఇంటి పెత్తనాన్ని బట్టి ఉంటుంది. పైగా అరచేతి తెర మీద వందేళ్లనాటి పుస్తకం పుటను చదవడం, అల్లిక పటం గళ్లు లెక్కపెట్టడం కళ్లకు శిక్ష. ఫోనులో కనిపించే వీడియో తర్వాత ఏం చూడాలో దాన్ని నడిపే కంపెనీ నిర్ణయిస్తుంది. గ్రంథాలయంలో అది చూసే మనిషి నిర్ణయం. ఈ తేడా చిన్నది కాదు.

రెండో అభ్యంతరం బరువైనది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకే కుర్చీలు చాలడం లేదు, వాళ్లకు నిశ్శబ్దం కావాలి, అక్కడ కుట్టుమిషను చప్పుడేమిటి? హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లే యువత సంఖ్య చూసినవాళ్లెవరూ ఈ మాటను తీసిపారేయలేరు. పేదింటి పిల్లకు ఆ కుర్చీ ఒక ఉద్యోగానికి దారి. దాన్ని లాక్కోమని ఎవరూ అనడం లేదు. అయితే చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి, మధ్యాహ్నమంతా మూసి ఉంటాయి. ఇంటిపని ముగించుకున్న ఆడవాళ్లకు తీరిక దొరికేది సరిగ్గా ఆ వేళలోనే. మూసి ఉన్న గంటల్లో వారానికి రెండు రోజులు చేతిపనికి తెరిస్తే ఎవరి కుర్చీకీ నష్టం లేదు. వరండా ఉన్నచోట వరండా, లేనిచోట పక్క బడి గది వాడుకోవచ్చు. పరీక్షలకు చదివేవాళ్లకు సైతం గంటల తరబడి చదివాక కాసేపు చేతులతో ఏదైనా చేయడం మేలే చేస్తుంది.

డబ్బు లేదు, సిబ్బంది లేరు అన్నది మూడో అభ్యంతరం, ఇది నిజం కూడా. స్థానిక సంస్థలు ప్రజల దగ్గర వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం పాత జబ్బు. ఖాళీ పోస్టులు భర్తీ కాక ఒకే గ్రంథపాలకుడు రెండు మూడు శాఖలు చూసుకునే చోట్లున్నాయి. ఈ లోపాలను ఉత్సాహంతో కప్పిపుచ్చకూడదు. స్వచ్ఛంద సేవకులను చూపించి ఉద్యోగాలు ఎగ్గొట్టడానికి వీల్లేదు. అయినా ఇక్కడ ఒక విషవలయం ఉంది. గ్రంథాలయానికి వచ్చేవాళ్లు కొద్దిమందే కాబట్టి దాని బకాయిల గురించి అడిగేవాళ్లూ కొద్దిమందే. అడిగేవాళ్లు లేరు కాబట్టి నిధులు రావు, నిధులు లేవు కాబట్టి జనం రారు. దీన్ని తెంచడానికి కొత్త జనాన్ని తలుపు లోపలికి తేవడమే మార్గం. నెలకు రెండుసార్లు అల్లికకు వచ్చే నలభై మంది మహిళలు మున్సిపాలిటీని సెస్సు గురించి అడిగితే ఆ మాటకు బరువుంటుంది. పొరుగున కర్ణాటక 2019లో గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి శాఖకు అప్పగించి, ఊరి పిల్లలను సభ్యులుగా చేర్చుకునే పని పెట్టుకుంది. ప్రభుత్వం తలుచుకుంటే ఊరి గ్రంథాలయం మళ్లీ పిల్లలతో నిండుతుందని ఆ అనుభవం చెబుతోంది.

చివరిగా, చేతిపనులు నేర్పడానికి వేరే సంస్థలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. బడుల్లో 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. హైదరాబాదులో 2023లో టీవర్క్స్ అనే పనిశాల భారీ యంత్రాలతో మొదలైంది. నైపుణ్య శిక్షణ కేంద్రాలున్నాయి. వాటి విలువ వాటిది. కానీ ల్యాబు ఆ బడి పిల్లలకు, టీవర్క్స్ హైదరాబాదుకు రాగలిగినవాళ్లకు, శిక్షణ కేంద్రం సర్టిఫికెట్ కావలసినవాళ్లకు. వయసు, చదువు, కులం, ఆదాయం అడగకుండా, ఫలితం చూపించమనకుండా, రుసుము లేకుండా ఎవరినైనా లోపలికి రానిచ్చే ప్రభుత్వ గది ఊళ్లో గ్రంథాలయం ఒక్కటే. అరవై ఏళ్ల అమ్మమ్మా, ఆరో తరగతి మనవరాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నేర్చుకోగలిగేది అక్కడే. చేతిపని వల్ల పుస్తకం వెనకబడుతుందన్న భయానికీ ఇక్కడే సమాధానం ఉంది. పొణికి బొమ్మకు రంగు వేసిన పిల్లవాడు ఆ బొమ్మలోని దశావతారాల కథ అడుగుతాడు. గాలిపటం ఎందుకు ఎగిరిందో తెలుసుకోవాలనుకున్న పిల్ల 530 అంకె కింద ఉన్న భౌతికశాస్త్రం పుస్తకం దాకా వెళ్తుంది. ప్రశ్న పుట్టాక పుస్తకం తనంతట తానే దగ్గరవుతుంది.

పాఠకులుగా మనం చేయగలిగినవి చాలా ఉన్నాయి. ముందు సభ్యత్వం తీసుకోవాలి. లోపల కూర్చుని చదవడానికి ఖర్చు లేదు, ఇంటికి పుస్తకాలు తెచ్చుకోవడానికి కట్టే కొద్దిపాటి ధరావతు తిరిగి వస్తుంది. గ్రంథపాలకుడితో మాట్లాడి, వారంలో ఒక మధ్యాహ్నం చేతిపనికి ఇవ్వగలరేమో అడగాలి. పదిమంది సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టాలి. అందులో అల్లిక, హస్తకళల తెలుగు పుస్తకాలు, ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, ఒక బీరువా సామగ్రి కోరాలి. మనకు వచ్చిన విద్య ఏదైనా, ముగ్గైనా బుట్ట అల్లడమైనా తెలుగులో టైపు చేయడమైనా, నెలకొక గంట నేర్పుతామని రాసివ్వాలి. మున్సిపాలిటీ, పంచాయతీ సమావేశాల్లో సెస్సు బకాయి ఎంతో, ఎప్పుడు జమ చేస్తారో అడగాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఈ పని మొదలుపెట్టడానికి మంచి అదను. సభలు, ఉపన్యాసాలతోపాటు ఆ వారంలో ఒక రోజు చేతిపని బల్ల వేసి, పక్కన ఒక కంప్యూటరు పెట్టి ఊరిని పిలిస్తే, ఎంతమంది వస్తారో అధికారులు కళ్లారా చూస్తారు. గ్రంథాలయం ఎవరి కోసమన్న ప్రశ్నకు ఆ వచ్చినవాళ్లే జవాబు. ఆ తర్వాత ప్రతి వారం ఆ తలుపు తెరిపించుకునే బాధ్యత సెస్సు కడుతున్న మనందరిదీ.